ఇంటి తరిమెన మీద చెక్క పెన్ను: వానాకాలపు పని డైరీ

జూన్ 15

ఇంటి వెనుక వసారాలో, చెక్కను తిప్పుతూ చెక్కడానికి వాడే లేతు బిగించే పని ఇవాళ పూర్తయింది. ఇది బల్ల మీద పెట్టుకునే చిన్న రకం. 250 మిల్లీమీటర్ల వ్యాసం వరకు చెక్కను తిప్పగలదు, రెండు కొనల నడుమ 450 మిల్లీమీటర్ల చోటు ఉంది, మోటారు అర హార్స్‌పవరు. పెన్నుకు ఇంత యంత్రం అక్కరలేదు కాని, చెక్కను తిప్పే హెడ్‌స్టాకు, ఎదుటి కొనను ఆనించే టెయిల్‌స్టాకు రెండింటికీ నంబరు 2 మోర్స్ టేపరు అనే ప్రామాణిక కొలత బెజ్జం ఉండడం వల్ల మేండ్రెలు (ముక్కలను గుచ్చి తిప్పే కడ్డీ), డ్రిల్లు చక్కు (బిట్టును పట్టే బిగింపు) వంటి సామాను వెతుక్కోవడం సులువవుతుందని దీన్ని ఎంచుకున్నాను. వసారాలో పాత కడప బండ ఒకటి ఇటుక దిమ్మెల మీద ఉండేది. లేతు కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేసి దాని మీదే నిలబెట్టాను. బండ బరువుకు అదురు దాదాపు కనిపించడం లేదు.

మా పెద్దవాళ్లు లేతును తరిమెన అనేవారు. మంచం కోళ్లు, అప్పడాల కర్రలు, బొంగరాలు తరిమెన పట్టించేవారు. ఆ మాటే నాకు ఎక్కువ నచ్చుతుంది కనుక డైరీ పేరులో దాన్ని ఉంచుకున్నాను.

యంత్రం నడపక ముందు రెండు కొనలను ఒకదానికొకటి తాకించి చూస్తే టెయిల్‌స్టాకు మొన పక్కకు అర మిల్లీమీటరు తప్పి ఉంది. పెద్ద కోడు చెక్కేటప్పుడు ఈ తేడా లెక్కలోకి రాదు. ఇత్తడి గొట్టం మీద ఒక మిల్లీమీటరు కన్నా పల్చని చెక్క మిగిలే పెన్నులో ఇదే మొత్తం పనిని చెడగొడుతుంది. హెడ్‌స్టాకు బోల్టులు వదులు చేసి, మొనలు రెండూ కచ్చితంగా కలిసేలా జరిపి, మళ్లీ బిగించేసరికి సాయంత్రమైంది.

జూన్ 18

చెక్క విషయం. రెండు రకాలు అనుకున్నాను. ఒకటి మేనత్త ఇంటి అటక మీద ఏళ్లుగా పడి ఉన్న జిట్రేగి (రోజ్‌వుడ్) మంచం కోడు, పైన చీలిపోయింది కాని కింది సగం గట్టి చేవ. రెండోది లక్క బొమ్మలకు వాడే మెత్తని అంకుడు కర్ర, బొమ్మల ఊరు ఏటికొప్పాక నుంచి తెచ్చుకోవాలి. టేకు ముక్కలు ఏ సామిల్లులోనైనా దొరుకుతాయి గాని టేకులో ఉండే సిలికా ఉలి అంచును త్వరగా మొండి చేస్తుంది. సాన పట్టడం ఇంకా చేతికి రాని నాకు మొదటి చెక్కగా అది తగదు.

తెలిసినవారొకరు ఎర్రచందనం అయితే పెన్ను అందంగా వస్తుందన్నారు. రావచ్చు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా పెరగని ఆ చెట్టు చెక్కను ప్రభుత్వ అనుమతి పత్రాలు లేకుండా ఇంట్లో పెట్టుకోవడం నేరం. పెన్ను కోసం ఆ చెక్క ముట్టుకోను.

కోడును పరిశీలిస్తూ చాలాసేపు కూర్చున్నాను. పాత తరిమెనలో ఒకరు తాడు చుట్టి ముందుకూ వెనక్కూ లాగుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. చెక్క ఒక వైపు తిరిగినప్పుడే ఉలి కోస్తుంది, వెనక్కు తిరిగినప్పుడు ఉలిని కొద్దిగా వెనక్కు తీయాలి. అంత ఆగి ఆగి సాగిన పనిలోనూ కోడు మీది నాలుగు గాట్లు వెర్నియరు అనే సూక్ష్మ కొలబద్దతో కొలిస్తే ఒకే లోతులో ఉన్నాయి.

జూన్ 22

ఏటికొప్పాక వెళ్లి వచ్చాను. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు, జాఫ్రా, నీలి వంటి సహజ రంగులను లక్కలోకి మళ్లీ తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. నేను వెళ్లింది మాత్రం రెండు ప్రశ్నలతో: అంకుడు ఎంత ఎండాలి, లక్క ఎలా పట్టించాలి.

పనిచేస్తున్న పెద్దాయన ఒకరు ఉలి ఆపకుండానే జవాబు చెప్పారు. "కర్ర ఎండనిదే ఎక్కించకండి బాబూ. ఇవాళ గుండ్రంగానే ఉంటాది, నెల పోయాక చూస్తే కోడిగుడ్డయిపోద్ది." తరువాత తిరుగుతున్న కుంకుమ భరిణె మీద లక్క కడ్డీ ఆనించి చూపించారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు అంటుకుంటుంది. ఆ వెంటనే మొగలి ఆకు మడిచి అదిమితే పూత సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. బ్రష్షు, వార్నిషు, ఆరబెట్టడం ఏవీ లేవు. ఆయన చేతిలో ఇదంతా అర నిమిషం పని. నేను అక్కడే ప్రయత్నిస్తే లక్క ఒకచోట ముద్ద కట్టింది, పక్కన చెక్క బయటపడింది. ఆయన నా మణికట్టు పట్టుకుని కడ్డీని ఒకే చోట ఉంచకుండా జరపడం నేర్పారు.

ఎండిన అంకుడు ముక్కలు ఎనిమిది, పసుపు రంగు లక్క కడ్డీలు రెండు, ఎండిన మొగలి ఆకుల కట్ట ఒకటి తెచ్చుకున్నాను.

జూన్ 30

ఎండిన కర్రే అన్నా, మా ఊరి వానాకాలపు గాలికి చెక్క తేమ పీలుస్తుంది. ముక్కలను 19 మిల్లీమీటర్ల చదరానికి, 125 మిల్లీమీటర్ల పొడవుకు కోసి, ఇంట్లో ఫ్రిజ్ వెనుక వెచ్చని చోట నిలబెట్టి, రోజూ ఉదయం నగలు తూచే చిన్న త్రాసులో తూచాను. మొదటి ముక్క ఐదు రోజుల్లో కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చి, ఆరో రోజు నుంచి మారలేదు. వరుసగా మూడు రోజులు ఒకే బరువు చూపితే ఎండినట్లు లెక్క వేసుకున్నాను. తేమ కొలిచే పరికరం కొనమని సలహా ఇచ్చారు కాని, ఇంత చిన్న ముక్కకు త్రాసే నమ్మదగినదని నా అభిప్రాయం.

పెన్ను విడిభాగాల కిట్టు స్లిమ్‌లైన్ అనే సన్నని రకం. ఇందులో 7 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టాలు రెండు, మొన, నడుమ ఉంగరం, క్లిప్పు, పై టోపీ, మెలి తిప్పితే రీఫిల్లును ముందుకు తెచ్చే యంత్రాంగం ఉంటాయి. చెక్క గొట్టానికి అంటుకుని ఉండే తొడుగు మాత్రమే. మన దగ్గర లేతు మీద పెన్నులు చేయడం కొత్త సంగతి కాదు. రాజమహేంద్రవరంలో రత్నం పెన్నులు 1932 నుంచి తయారవుతున్నాయి, 1935లో గాంధీగారు తమకు అందిన రత్నం పెన్నును మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. అక్కడ వాడేది ఎబొనైటు, అంటే గంధకంతో గట్టిపరచిన రబ్బరు. దాని మీద మరలు నేరుగా కోయవచ్చు, సిరా తగిలినా చెడదు. చెక్క సిరాను పీల్చుకుంటుంది, సన్నని మరలు నిలబెట్టదు. అందుకే దానికి ఇత్తడి గొట్టం తోడు కావలసి వస్తుంది.

జూలై 2

బెజ్జం వేయడంలోనే మొదటి ముక్క పోయింది. దిమ్మెను రెండు 60 మిల్లీమీటర్ల ముక్కలు చేసి, కలిసే అంచుల మీద పెన్సిలుతో గుర్తు పెట్టాను. పెన్ను అయ్యాక రెండు భాగాల చారలు ఒకే వరుసలో ఉండాలంటే ఈ గుర్తు తప్పనిసరి. తరువాత చేతి డ్రిల్లుతో, ముక్కను వైసులో బిగించి 7 మిల్లీమీటర్ల బిట్టు దింపాను. పై నుంచి చూస్తే నడిమధ్యన మొదలైన బెజ్జం, అడుగున అంచుకు 3 మిల్లీమీటర్ల దూరంలో బయటపడింది. పైగా బయటికి వచ్చేచోట పెచ్చు లేచింది.

జూలై 3

ఇవాళ లేతు మీదే బెజ్జం వేశాను. దిమ్మెను హెడ్‌స్టాకు వైపు నాలుగు దవడల చక్కులో పట్టించి, బిట్టును టెయిల్‌స్టాకు చక్కులో బిగించి, చెక్క తిరుగుతుండగా బిట్టును నెమ్మదిగా ముందుకు జరపడం ఈ పద్ధతి. తిరిగేది చెక్క కనుక బిట్టు దానంతట అదే నడుమకు సర్దుకుంటుంది. వేగం నిమిషానికి 600 చుట్లు దాటనివ్వలేదు. ప్రతి 10 మిల్లీమీటర్లకు బిట్టును పూర్తిగా వెనక్కు లాగి పొట్టు దులిపాను. పొట్టు ఇరుక్కుంటే వేడి పుట్టి చెక్క లోపలి నుంచే చీలుతుంది. అవతలి అంచు దాకా బెజ్జం పోనివ్వకుండా ముందే ఆపి, చివరి భాగాన్ని రంపంతో కోసివేశాను. అలా చేస్తే పెచ్చు లేవడానికి అవకాశమే ఉండదు. ముక్కలన్నీ శుభ్రంగా వచ్చాయి, బెజ్జం అడుగునా నడుమే ఉంది.

జూలై 5

గొట్టాలు అతికించడం. ఇత్తడి నునుపు మీద జిగురు నిలవదు కనుక ముందుగా 150 నంబరు గరుకు కాగితంతో గొట్టాలను రుద్ది గీతలు పెట్టాలి. గొట్టం లోపలికి జిగురు పోకుండా ఒక మంచి చిట్కా ఉంది: పచ్చి బంగాళాదుంపను అర సెంటీమీటరు మందాన చక్రంలా కోసి, గొట్టం కొనను దానిలో గుచ్చితే, చిన్న బిళ్ల గొట్టం లోపల నిలిచి మూతలా పనిచేస్తుంది. తరువాత దాన్ని పుల్లతో తోసివేయవచ్చు.

మొదట క్షణాల్లో పట్టే జిగురు వాడాను. ఆ జిగురు గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, బయట ఏకధాటిగా వాన. గొట్టం బెజ్జంలో సగం దూరం వెళ్లి అక్కడే బిగుసుకుపోయింది. అటు తోసినా, ఇటు లాగినా కదలలేదు. రోజుల తరబడి తూచి, జాగ్రత్తగా బెజ్జం వేసిన ముక్క అది. మిగిలిన వాటికి రెండు పాళ్లు కలిపే ఎపాక్సీ తీసుకున్నాను. గొట్టాన్ని తిప్పుతూ దూర్చి, చెక్క అంచుకు ఒక మిల్లీమీటరు లోపల ఉండేలా సర్దడానికి కావలసినంత వ్యవధి దొరికింది. ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. తొందర లేని పనికి తొందర జిగురు ఎందుకని ఇకపై దీన్నే వాడాలనుకుంటున్నాను.

జూలై 6

ఇవాళ మొదటిసారి నిజంగా ఉలి పట్టాను.

అంతకు ముందు చేయవలసింది అంచుల చదును. గొట్టంలో దూరే కడ్డీ, దాని మీద నాలుగు పళ్ల కత్తి ఉన్న పనిముట్టును డ్రిల్లుకు బిగించి, ఇత్తడి అంచు మెరిసే వరకు చెక్కను గీకాలి. చెక్క అంచు గొట్టానికి కచ్చితంగా లంబంగా ఉంటేనే తరువాత మొన, ఉంగరం సందు లేకుండా కూర్చుంటాయి. ఇత్తడి కనిపించాక ఇంకొక చుట్టు ఎక్కువ గీకినా గొట్టం పొట్టిదవుతుంది, రీఫిల్లు కొలత తప్పుతుంది.

మేండ్రెలు మీద బుష్ (చెక్కను ఎంత వరకు చెక్కాలో చూపే లోహపు ఉంగరం), ముక్క, బుష్, ముక్క, బుష్ వరుసగా ఎక్కించి, ఇత్తడి నట్టును వేళ్లతో మాత్రమే బిగించాను. బుష్ వ్యాసం వెర్నియరు మీద 8.4 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే కొనల దగ్గర ఇత్తడి మీద మిగిలే చెక్క మందం 0.7 మిల్లీమీటర్లు. ఈ లెక్క ముందే వేసుకోవడం మంచిదైంది. ఉలిని ఎంత మర్యాదగా పట్టుకోవాలో దీనితోనే అర్థమైంది.

వేగం గురించి కూడా ఒక లెక్క. నిమిషానికి 2500 చుట్లు అంటే భయం వేస్తుంది. 19 మిల్లీమీటర్ల గుండ్రని చెక్క ఆ వేగంలో తిరిగితే ఉలి ముందు నుంచి నిమిషానికి దాదాపు 150 మీటర్ల చెక్క పోతుంది, 8.4కు దిగాక 66 మీటర్లే. 250 మిల్లీమీటర్ల పళ్లెం అదే చుట్లలో తిరిగితే అంచు దగ్గర 1,960 మీటర్లు దాటుతుంది. పళ్లేనికి ప్రమాదకరమైన వేగం పెన్నుకు మామూలే, సన్నబడేకొద్దీ ఇంకా పెంచవచ్చు కూడా. మూలలు పోయే వరకు 1500, తరువాత 2500 దగ్గర నడిపాను.

ముఖానికి పూర్తి కవచం, ముక్కుకు మాస్కు పెట్టుకున్నాను. పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు, కండువా లేతు దగ్గరకు రానివ్వకూడదు. వాటిలో ఏ పోగు చిక్కినా చేయి దాని వెంటే వెళుతుంది. పనిముట్టు ఆనే కమ్మీని చెక్కకు 3 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి, మోటారు వేయక ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి ఏదీ తగలడం లేదని చూసుకున్నాను.

దోనె ఆకారపు ఉలి గౌజుతో మూలలు తీయడం తేలికగానే సాగింది. ఉలి పిడి కిందకు దించి, వీపును మొదట చెక్కకు ఆనించి, పిడిని మెల్లగా ఎత్తుతూ అంచును తెచ్చి తగిలిస్తే, అంకుడు తెల్లని పొడవాటి చుట్టలుగా ఊడింది. నేరుగా అంచునే తగిలిస్తే పొట్టు కాదు, పొడి వస్తుంది. పొడి వస్తున్నంతసేపూ ఉలి కోయడం లేదని, గీకుతున్నదని గ్రహించడానికి గంట పట్టింది. ఏటవాలు ఉలితో నునుపు చేయబోతే పై కొన చెక్కలో చిక్కి, ముక్క మీద మెలికలు తిరిగిన గాటు పడింది. అంచు కింది సగంతోనే కోయాలి, పై కొన ఎప్పుడూ గాలిలో ఉండాలి. గాటు లోతు అర మిల్లీమీటరు లోపే కనుక మిగిలిన చెక్కలో అది పోయింది.

జూలై 8

లేతు నుంచి తీయక ముందు వేలితో తడిమితే కొన దగ్గర ఒక వైపు బుష్‌తో సమంగా, ఎదుటి వైపు చిన్న గట్టుగా తగిలింది. కొలిస్తే 0.3 మిల్లీమీటర్ల తేడా. 0.7 మందంలో 0.3 అంటే దాదాపు సగం.

మేండ్రెలు వంగిందేమోనని గాజు పలక మీద దొర్లించాను, నిటారుగానే ఉంది. మళ్లీ ఎక్కించి, టెయిల్‌స్టాకు చక్రాన్ని మొన్నటి అంత బిగువుగా తిప్పి చూస్తే నడుమ కొద్దిగా విల్లులా వంగడం కంటికే తెలిసింది. చక్రం వదులు చేస్తే మామూలుగా నిలిచింది. తప్పు చెక్కది కాదు, ఇనుముదీ కాదు, నా బిగింపుది. టెయిల్‌స్టాకు మొన మేండ్రెలును తాకి, దానితో పాటు తిరిగితే చాలు. ఎక్కువ బిగువు అక్కరలేని పని ఇది. ఈ ముక్కను పక్కన పెట్టి, రెండో జతను ఎక్కించాను, తేడా 0.05కు దిగింది.

జూలై 13

రెండో జత నునుపు. గరుకు కాగితం 180, 240, 320, 400, 600 వరుసలో వాడాను. ప్రతి నంబరు తరువాత లేతు ఆపి, చెక్క పీచు వెంట నిలువుగా చేత్తో రుద్దితేనే చుట్టూ పడిన గీతలు పోతాయి. ఈ నిలువు రుద్దుడు మానేసిన చోట పూత వేశాక ఉంగరాల్లా గీతలు కనిపిస్తాయి. కాగితం మరీ గట్టిగా అదిమితే చెక్క తరుగుతుంది, పక్కనున్న బుష్ తరగదు. అప్పుడు లోహం అంచు మెట్టులా మిగులుతుంది.

తరువాత లక్క. వేగం 1200కు తగ్గించి, కడ్డీని కొన నుంచి కొనకు జరుపుతూ ఆనించాను. అంకుడు తెలుపు మీద పసుపు లక్క దిగగానే వసారా అంతా సన్నని తీపి వాసన వ్యాపించింది. ఏటికొప్పాకలో భరిణె మందమైన చెక్క, వేడి పైనే నిలుస్తుంది. ఇక్కడ పల్చని చెక్క కింద ఇత్తడి ఆ వేడిని లాగేస్తుంది, అందుకే లక్క మొదట అంటుకోదు, అంటుకోవడం మొదలయ్యాక ఒక్కసారిగా జారుతుంది. మూడుసార్లు గీకి మళ్లీ పట్టించాను. నాలుగోసారి మొగలి ఆకును నీళ్లతో కొద్దిగా తడిపి, మడతను మెత్తగా అదిమేసరికి మెరుపు వచ్చింది. ఆ పెద్దాయన చేతి మెరుపుతో పోల్చదగినది కాదు గాని, పూత అంతటా ఒకే మందంలో ఉంది.

పూతగా క్షణాల జిగురును పొరలు పొరలుగా వేసే పద్ధతి చాలామంది వాడతారు, అది లక్క కన్నా గట్టిది కూడా. పట్టుకుంటే ప్లాస్టిక్కు పట్టుకున్నట్లే ఉంటుంది. నూలు గుడ్డతో ఆ జిగురు రాస్తే గుడ్డ వేడెక్కి పొగ రావచ్చు, వేలు కాలవచ్చు. నాకు లక్కే ఇష్టం. దానికీ ఒక బలహీనత ఉంది: లక్క ఆల్కహాలులో కరుగుతుంది, శానిటైజరు రాసుకున్న తడి చేత్తో ఈ పెన్ను పట్టుకుంటే పూత అంటుకుపోతుంది. ఎవరికైనా ఇస్తే ఈ మాట చెప్పి ఇవ్వాలి.

జూలై 16

కూర్పు. బెంచి వైసు దవడలకు చెక్క ముక్కలు అమర్చి, ముందు కింది గొట్టంలోకి మొనను, తరువాత అదే గొట్టం అవతలి కొన నుంచి మెలి యంత్రాంగాన్ని అదిమాను. యంత్రాంగం మీద ఉన్న గీత దాకా మాత్రమే వెళ్లాలి. గీతకు ఇంకా 3 మిల్లీమీటర్లు ఉండగానే ఆపి, రీఫిల్లు బిగించి, తిప్పి చూసి, మళ్లీ ఒక మిల్లీమీటరు అదిమి, మళ్లీ చూశాను. ఒకసారి లోపలికి పోయినది బయటికి రాదు. ఎక్కువ దిగితే రీఫిల్లు మొన ఎప్పటికీ బయటే ఉండిపోతుంది. నాలుగో ప్రయత్నానికి మొన లోపలికి పూర్తిగా వెళ్లి, తిప్పితే 3 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది.

పెన్ను రాస్తోంది. ఈ పుట దానితోనే రాస్తున్నాను. పెన్సిలు గుర్తు ప్రకారం పెట్టడం వల్ల రెండు భాగాల పీచు ఒకే వరుసలో వచ్చింది. ఉంగరం దగ్గర గోరు ఆనించి లాగితే ఒక వైపు చాలా సన్నని మెట్టు తగులుతోంది.

ఒక లోటు: ఈ సన్నని రకం రీఫిల్లు మా ఊళ్లోని రెండు దుకాణాల్లోనూ దొరకలేదు, పార్కర్ రకం మాత్రం రెండింటిలోనూ ఉంది. తరువాతి కిట్టు ఆ రీఫిల్లు పట్టేదే తీసుకుంటాను. సిరా అయిపోగానే పక్కన పడేయవలసిన పెన్ను చేయడం నాకు ఇష్టం లేదు.

జూలై 27

జిట్రేగి కోడు నుంచి ఒక దిమ్మె తీసి, పైన చెప్పిన పనులన్నీ చేసి, నల్లని చారలు బయటపడే వరకు చెక్కాను. ఉలి కింద అంకుడు కన్నా ఎంతో నిలకడగా కోసింది. 400 నంబరు కాగితంతో రుద్దుతుండగా చిటుక్కుమన్న శబ్దం వచ్చింది. పై ముక్కలో నిలువునా వెంట్రుకంత చీలిక.

గొట్టం ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. వేడికి లోపల ఇత్తడి ఉబ్బుతుంది, పైనున్న పల్చని చెక్క మాత్రం తేమ కోల్పోయి బిగుసుకుంటుంది; జిట్రేగి లాంటి నూనెగల గట్టి చెక్క ఆ లాగుడును భరించలేదు. అంకుడు మెత్తన కనుక నా బరువైన చేతిని ఇన్ని రోజులు ఓర్చుకుంది. ఈ చెక్క పొడికి చర్మం దురద పెట్టింది కూడా, ఇకపై కాగితంతో రుద్దేటప్పుడు మాస్కుతో పాటు పొట్టు లాగే యంత్రం తప్పనిసరి.

ఆగస్టు 3

మళ్లీ జిట్రేగి. ఈసారి కాగితం కొత్తది, వేగం 900, అయిదు లెక్కపెట్టే వరకు రుద్దడం, తరువాత గొట్టం చల్లబడే వరకు ఆగడం. రెండు గంటలు పట్టింది. చీలిక రాలేదు. దీనికి రంగు లేని లక్క పట్టించాలి. పసుపు కడ్డీ దీని మీద పనికిరాదు. కోడులో ఇంకా నాలుగు దిమ్మెలకు సరిపడా చేవ ఉంది. వాటిని కోసి, బరువు రాసి, ఫ్రిజ్ వెనుక నిలబెట్టాను. మొదటిది 31.4 గ్రాములు.